అక్క పిల్లి, నేను కట్టిన గాలిదారి

పిల్లి బొచ్చు చూసి ముక్కు చిట్లించే హక్కు మా గోదావరిఖనిలో ఎవరికీ లేదని నా వాదన. పొద్దున కడిగిన వరండా గచ్చు మీద మధ్యాహ్నానికి వేలితో అక్షరాలు దిద్దుకోవచ్చు. మేడ మీద ఆరబెట్టిన వడియాలు సాయంత్రానికి చామనచాయకు తిరుగుతాయి. ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగు జరిగితే మా గూట్లో స్టీలు గ్లాసులు గలగలలాడతాయి, ఆ తర్వాత కాసేపటికి దండెం మీది తెల్ల బనీన్ల మీద ఆశ వదులుకోవాల్సిందే. ఇన్నేళ్లలో ఆ నల్ల దుమ్మును తిట్టినవాణ్ని నేను చూడలేదు. అన్నం పెట్టిన దుమ్ము కదా అంటారు. సరే, ఒప్పుకుంటాను. అలాంటి ఊళ్లో, చాయ్ హోటల్లో, నా నల్ల ప్యాంటు మీద నాలుగు తెల్ల వెంట్రుకలు కనబడేసరికి, నాతోపాటు రిటైరైన ఒక మిత్రుడు అందరికీ వినబడేలా అన్నాడు:

"ఏందన్నా, గీ వయసుల గొర్లు కాస్తున్నవా?"

"గొర్లు కాదు, పిల్లి. మా అక్క పిల్లి."

"పిల్లా! అరె, పిల్లి బొచ్చు కడుపుల వడితె మనిషి ఎండుకపోతడన్నా. సంచిల ఏసి గోదారి అవుతల ఇడిసిపెట్టి రా. ఇడిసేటప్పుడు సంచిని గిర్రున తిప్పాలె మల్ల. లేకుంటె తొవ్వ గుర్తువట్టి ఇంటికస్తది."

"నువ్వు నౌకరి పొడుగూత బొగ్గు మింగినవు. ఎండుకపోయినవా?" అని అతని పొట్ట వైపు చూశాను.

హోటలంతా నవ్వింది. నవ్వినవాళ్లలో ఒక్కడూ తన అభిప్రాయం మార్చుకోలేదు. నేను లేచి వస్తుంటే వెనక నుంచి మళ్లీ సంచి సంగతే వినబడింది. ఒళ్లు మండింది.

ఆ బొచ్చు మా ఇంటికి అక్కతో వచ్చింది. అక్క నాకన్నా నాలుగేళ్లు పెద్ద. బావ గోలేటి గనుల్లో పనిచేసి, రిటైరై, క్వార్టరు ఖాళీ చేశాక కూడా ఆ గాలి వదలలేక అక్కడే ఒక అద్దె గదిలో ఉండిపోయాడు. వాళ్లకు పిల్లలు లేరు. కిందటి వానాకాలం బావ పోయాడు. కార్యాలన్నీ అయిపోయాక మా ఇంటికి రమ్మంటే అక్క వినలేదు. చలికాలంలో ఒక పొద్దున నల్లా దగ్గర జారిపడి, పాలు పోసే మనిషి వచ్చేదాకా లేవలేక ఆ తడిలోనే పడి ఉంది. కబురు తెలిసిన రోజే వెళ్లి తీసుకొచ్చాను. గది మాత్రం వదలనివ్వలేదు. సామానంతా అందులోనే ఉంచి తాళం వేసింది. ఒక బట్టల సంచి, ఒక వెదురు బుట్ట, అంతే ఆమె వెంట వచ్చినవి. బుట్ట మూతి మీద పాత చీర గట్టిగా కట్టి ఉంది, లోపల పిల్లి. బస్సులో అది మంచిర్యాల దాకా ఊపిరి తీసుకోకుండా అరిచింది.

"అవ్వా, దానికి టికెట్ తీస్కున్నవా?" అన్నాడు కండక్టరు.

"సీటు సూపియ్యి బిడ్డా, తీస్కుంట," అంది అక్క. ఆమె నిలబడి ఉంది. కండక్టరు ఎవరినో లేపి ఆమెకు సీటు ఇప్పించి, మళ్లీ పిల్లి ఊసెత్తలేదు.

తెల్లటి పిల్లి. వీపు మీద ఎర్రమట్టి రంగు మచ్చలు. పొట్ట కింద బొచ్చు పొడుగ్గా వేలాడుతుంది. బావ ఏదో సంతలోంచి చొక్కా లోపల పెట్టుకుని తెచ్చిన పిల్ల. దానికి పేరు లేదు. అక్క "ఓ బిడ్డా" అంటుంది, అది పలుకుతుంది. మేము ఏమని పిలిచినా పలకదు.

చలికాలమంతా ఏ గొడవా లేదు. శివరాత్రి దాటి ఎండ ముదరగానే బొచ్చు విడవడం మొదలుపెట్టింది. బొగ్గు దుమ్ముకు ఒక మర్యాద ఉంది: పడుతుంది, పడ్డచోట ఉంటుంది, తుడిస్తే పోతుంది. బొచ్చు అలా కాదు. మనం నడిస్తే లేస్తుంది, కూర్చుంటే వచ్చి ఒళ్లో వాలుతుంది. పప్పులో వచ్చింది. పళ్ల బ్రష్షు మీద వచ్చింది. నా కళ్లజోడు కాడ మడతలో ఇరుక్కుని, లోకానికంతా మధ్యలో ఒక గీత గీసింది. పేపరు చదువుతుంటే అక్షరానికి తోక మొలిచినట్టుండేది, వేలితో తీసి చూస్తే గానీ మాట తెలిసేది కాదు. మంచాల కింద ఉండలు కట్టి, ఫ్యాను వేస్తే ఎలుకపిల్లల్లా దొర్లేది. పిల్లి తన బొచ్చునే చూసి పొంచి పొంచి దూకేది.

ఇంతవరకైతే నవ్వుకుని ఊరుకునే సంగతే. కానీ నా భార్యకు ఎప్పటినుంచో ఉబ్బసం. చలికాలం వస్తే నోట్లో కొట్టుకునే మందు పంపు దగ్గర పెట్టుకుంటుంది, ఎండలు వస్తే దాన్ని అల్మారీలో దాచేస్తుంది. ఈసారి ఎండలు వచ్చాక పంపు అల్మారీలోకి వెళ్లలేదు. తలకింద మూడు దిండ్లు పెట్టుకుని, తర్వాత అవీ చాలక గోడకు ఆనుకుని పడుకుంటోంది. ఏమైందంటే "ఏం లేదు, ఉక్కపోత" అంటుంది. వదినె బాధపడుతుందని ఆమె నోరు విప్పలేదు. నేను గమనించలేదు. గమనించకపోవడానికి కారణం, ఆ రోజుల్లో నేను చాయ్ హోటల్లో పిల్లి తరఫున వాదించడంలో తీరిక లేకుండా ఉన్నాను.

చివరికి ఒక పొద్దున ఆమె వాకిట్లో నీళ్లు చల్లుతూ మధ్యలో బకెట్టు దించి, గేటు పట్టుకుని నిలబడిపోయింది. ఆటోలో దవాఖానకు తీసుకెళ్లాం. అక్క కూడా వెంట వచ్చింది. డాక్టరమ్మ చిన్న పిల్ల. గొట్టం చెవుల్లో పెట్టుకోకముందే నా భార్య చీర అంచు మీద చూపు నిలిపింది.

"ఇంట్లో పిల్లి ఉందా అమ్మా?"

నా భార్య నా వైపు చూసింది. నేను గోడ మీద చార్టు వైపు చూశాను. బల్ల మీద కూర్చున్న అక్కే చెప్పింది.

"ఉన్నది బిడ్డా. నాదే."

డాక్టరమ్మ మెత్తగానే చెప్పింది. అసలు మంచిది పిల్లిని వేరేచోటికి పంపించడం. పంపలేకపోతే పడుకునే గదిలోకి రానివ్వద్దు, దుప్పట్లు వేడి నీళ్లలో ఉతకాలి, పంపు మానకూడదు, గదిలో మంచి గాలి ఆడాలి. నెల రోజులు చూసి మళ్లీ రమ్మంది. తగ్గకపోతే మాత్రం పిల్లి సంగతి తేల్చుకోవాల్సిందే అంది.

ఇంటికి రాగానే అక్క బుట్ట దులపడం మొదలుపెట్టింది.

"బుట్ట ఎందుకే ఇప్పుడు?" అన్నాను.

"పోతా తమ్మీ. గోలేటిల కిరాయి అర్ర ఉండనే ఉన్నది గద."

"పిల్లిని పంపుదాం. నువ్వెందుకు పోవుడు?"

"దాన్ని యాడికి పంపుతవు? నీ దోస్తు చెప్పినట్టు గోదారి అవుతలికా?" చాయ్ హోటలు మాట ఆమె దాకా ఎలా వచ్చిందో నాకు తెలియదు. "మీ బావ ఆఖరు దినాలల్ల మంచం దిగకుంటె అది గుడ దిగలే. నేను యాడుంటె అదాడ ఉంటది. అంతే."

"ఒక్కదానివి మల్ల నల్లా కాడ పడితె?"

"పడితె లేస్త. లేవకుంటె లేవ."

ఇలా మాట్లాడే మనిషితో ఏం వాదిస్తాం? ఒక నెల ఆగమని బతిమాలి ఒప్పించాను. డాక్టరమ్మ ఇచ్చిన గడువే నేనూ అడిగాను. ఆ నెలలో నా భార్య ఊపిరి తేలికపడాలి, లేకపోతే అక్క వెళ్లి ఆ ఒంటి గదిలో పడి ఉంటుంది. సంగతి అంతే.

అక్కను ఎందుకు వెళ్లనివ్వనో ఎవరికీ చెప్పుకోవాల్సిన పని లేదు గానీ, చెబుతాను. నాకు మీసాలు సరిగా రాకముందే బావ నన్ను ఊరి నుంచి తీసుకొచ్చి గనిలో పెట్టించాడు. అప్పుడు వాళ్లు ఉండేది ఒక్కటే గది, రేకుల కప్పు. నేను షిఫ్టు దిగి వచ్చి ఎక్కడ కూర్చుంటే అక్కడ నల్లటి అచ్చు పడేది. గోడకు ఆనుకుంటే గోడ మీద నా వీపు బొమ్మ. అక్క దిండు గలీబులు, ఆమె పెళ్లి నాటి దుప్పటి, అన్నీ నా చెమటతో, నా బొగ్గుతో బూడిద రంగుకు తిరిగాయి. నేను అక్కడ ఉన్నన్నాళ్లూ ఆ దుప్పటి సంగతి ఆమె నోటి వెంట రాలేదు. ఇప్పుడు ఆమె పిల్లి నా ఇంట్లో నాలుగు వెంట్రుకలు విడిచిందని ఆమెను బస్సెక్కిస్తానా? మనిషినా, పశువునా?

నెల గడువు చేతిలో పెట్టుకుని నేను రంగంలోకి దిగాను. నాకు తెలిసింది దుమ్ము విద్య. గనిలో బొగ్గు ఎత్తేముందు నీళ్లు చల్లుతాం, దుమ్ము లేవకుండా. ఇంట్లోనూ అదే చేశాను. చెంబుతో నీళ్లు చిలకరించి ఊడ్చాను. బొచ్చు గచ్చుకు అతుక్కుని, పొరకకు చుట్టుకుని, కొత్త రకం పూతలా తయారైంది.

"ఊడుస్తున్నవా, అలుకుతున్నవా?" అంది నా భార్య మంచం మీంచి.

తర్వాత ఒక సంగతి నేనే కనిపెట్టాను. రబ్బరు చెప్పుతో దుప్పటి మీద ఒకే వైపు రుద్దితే బొచ్చంతా వత్తిలా చుట్టుకుని వచ్చేస్తుంది. దీనికి ఎవరూ నాకు మెడల్ ఇవ్వలేదు. పైగా నా భార్య ఒక్క అరుపు అరిచింది, అంత ఆయాసంలోనూ.

"మంచం మీద చెప్పా! పండుకునే కాడ చెప్పా! నీకు మతి గిట్ల పోయిందా?"

"కొత్త చెప్పే. కాళ్లకు ఏసుకోలే. కడిగిన."

"కడిగితె అది గంధపు చెక్క అయితదా?"

అక్క తలుపు చాటున నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడం చూశాను. చెప్పుకు పట్టీలు కోసేసి, అడుగు మాత్రం ఉంచి, "ఇది చెప్పు కాదు, రబ్బరు ముక్క" అని ప్రకటించాక గానీ ఇంట్లో శాంతి కుదరలేదు.

కానీ ఇవన్నీ పడ్డ బొచ్చుకు మందులు. డాక్టరమ్మ చెప్పిన మాట నా చెవిలో తిరుగుతూనే ఉంది: గాలి ఆడాలి. గాలి సంగతి నాకా చెప్పేది? నేను బడికి వెళ్లింది ఊళ్లో ఐదో తరగతి దాకానే. గనిలో బొగ్గు ఎత్తుతూ, పాత పుస్తకాలు అడుక్కుని, తెలిసినవాళ్ల వెంటపడి, పరీక్ష రాసి సర్దారు అయ్యాను. పనివాళ్ల బాగోగులు, పైకప్పు, గాలి, అన్నీ చూసుకోవాల్సిన కొలువు అది. గని కింద గాలి తనంతట తాను మంచిగా ఉండదు. ఒక దారిన తాజా గాలి దిగాలి, మనుషులు పనిచేసే చోటును కడిగి, ఇంకో దారిన బయటికి పోవాలి. పైన పెద్ద ఫ్యాను లాగుతూ ఉంటుంది. కింద తలుపులు, గుడ్డ పర్దాలు కట్టి గాలిని మనకు కావాల్సిన చోటికి మళ్లిస్తాం. గాలి సోమరిది, దగ్గర దారి దొరికితే ఊరంతా తిరగదు. దాన్ని బలవంతంగా తిప్పాలి. ఆ పని నేను ఏళ్ల తరబడి చేశాను. కింద మనుషులు ఊపిరి పీల్చుకుని పైకి వచ్చారు.

మా ఇల్లు పొడుగ్గా ఉంటుంది. ముందు గది, దాని వెనక ఇంకో గది, ఆ వెనక వంటగది, తర్వాత పెరడు. ముందు గది కిటికీ వీధి వైపు. నేను వంటగది వెనక గోడలో గాలి బయటికి లాగే ఫ్యాను పెట్టించాను. పక్క కిటికీలన్నీ మూయించాను. ముందు గది కిటికీ ఒక్కటే తెరిచి, బయటి బొగ్గు దుమ్ము రాకుండా చువ్వలకు లోపలి వైపు గోనె పట్టా కట్టి, పొద్దున, మధ్యాహ్నం తడిపాను. ఆ కిటికీ కిందనే నా భార్య మంచం. అంటే ఇంట్లోకి దిగే మొదటి గాలి, చల్లటి గాలి, ఆమెదే. అక్క, పిల్లి వెనక గదిలో. రెండు గదుల నడుమ దోమల జాలి కొట్టిన తలుపు, గాలి పోతుంది, పిల్లి పోదు. పిల్లి మీద నుంచి వెళ్లిన గాలి వంటగదిలోంచి తిన్నగా బయటికి. ఒక్క వెంట్రుక కూడా వెనక్కి తిరిగి ముందు గదికి రావడానికి వీల్లేదు. కాగితం మీద బాణం గుర్తులు వేసి చూపించాను.

చాయ్ హోటల్ మిత్రుణ్ని పిలిచి మరీ చూపించాను. అతను జాలి తలుపు తెరిచి మూసి, తడి గోనె ముట్టుకుని, వంటగదిలో ఫ్యాను కింద నిలబడి తల ఊపాడు.

"ఇది ఇల్లా, బాయా అన్నా? హాజరు వేస్కొని దిగాల్నా లోపలికి?"

మేము గనిని బాయి అనే అంటాం. అతని ఎగతాళి నాకు పొగడ్తలా వినిపించింది.

మొదటి రోజులు బాగానే గడిచాయి. ఆ ఎండల్లో ముందు గది చల్లగా ఉండేది. నా భార్య రెండు దిండ్లకు దిగింది. నేను కాస్త ఛాతీ విరుచుకుని తిరిగాను. తర్వాత మళ్లీ మూడు దిండ్లు. మళ్లీ గోడ. ఎందుకో అంతుపట్టలేదు. తడి ఎక్కువైందేమో అని గోనె తక్కువ తడిపాను. లాగుడు చాలట్లేదేమో అని ఫ్యాను వేగం పెంచాను. ఎంత పెంచితే ఆమెకు అంత ఎక్కువైంది. ఒక మధ్యాహ్నం బ్లాస్టింగు అయి గ్లాసులు మోగడం ఆగిందో లేదో, ఆమెకు ఊపిరి అందలేదు. పంపు కొట్టినా నిలవలేదు. పెదవుల రంగు మారింది. దవాఖానలో మూతికి తొడుగు పెట్టి మందు ఆవిరి పట్టించారు. నేను బయట బల్ల మీద కూర్చుని, ఫ్యానుకు, తలుపులకు, బాణం గుర్తులకు, నా సర్దారు కొలువుకు, అన్నింటికీ కలిపి తిట్టుకున్నాను. సాయంత్రానికి ఆమె తెరిపిన పడింది.

అక్క ఇంక నా మాట వినలేదు. మర్నాడు పొద్దున్నే స్నానం చేసి, సంచి సర్దుకుని, బుట్ట మీద కట్టే చీర భుజాన వేసుకుని నిలబడింది.

"నెల అయిపోలే అక్కా."

"నెల అయ్యేదాక నీ పెండ్లాం ఉండద్దా? జరుగు."

"వదినె, జెర ఆగు," అని నా భార్య మంచం మీంచి చెయ్యి ఎత్తింది గానీ మాటకు గాలి చాలలేదు. అక్క వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

"నువ్వు మాట్లాడకు పిల్లా. నీ కోసం గాదు, నాకే గోలేటి మీద మనసు గుంజుతున్నది." అబద్ధం. ఆమెకు అబద్ధం ఆడటం రాదు, చూపు పక్కకు పోతుంది.

బస్సు వేళవుతోంది. ఆటో అతను గేటు ముందు హారన్ కొడుతున్నాడు. అక్క వెనక గదిలోకి వెళ్లి "ఓ బిడ్డా" అని పిలిచింది. పిల్లి లేదు. పెరట్లో పిలిచింది. లేదు. వంటగదిలో బియ్యం డబ్బాల వెనక, మంచం కింద, మేడ మెట్ల మీద, నీళ్ల ట్యాంకు చాటున, అంతా వెతికాం. ఎక్కడా లేదు.

"అటు ఇటు కాకుండ ఇప్పుడే యాడ సచ్చింది?" అని నేను అరుస్తుంటే, ముందు గదిలోంచి నా భార్య నెమ్మదిగా, మాట మాటకూ ఆగుతూ అంది.

"గోనె... కదులుతున్నది."

కిటికీకి కట్టిన గోనె పట్టా మధ్యలో ఉబ్బి, తగ్గి, మళ్లీ ఉబ్బింది. గాలికి కాదు. నేను ముడి విప్పి పట్టా తీశాను.

చువ్వల అవతల, కిటికీ గట్టు మీద, సజ్జ నీడన పిల్లి పడుకుని ఉంది. పెరటి గోడ ఎక్కి, ఇంటి పక్క సందులోంచి ముందుకు వచ్చి, కరివేపాకు చెట్టు చాటున ఆ గట్టు చేరింది. గేటు నుంచి చూస్తే చెట్టు అడ్డం, లోపలి నుంచి చూస్తే గోనె అడ్డం. ఒకవైపు తడి గోనె చలువ, ఇంకోవైపు నా ఫ్యాను లాగే గాలి. గోదావరిఖని మొత్తంలో ఆ ఎండలకు అంతకన్నా చల్లటి చోటు లేదు, దాన్ని నేనే తయారుచేసి పెట్టాను. గట్టంతా తెల్లగా దూది పరిచినట్టుంది. నా చేతిలోని గోనెకు అవతలి వైపు బొచ్చు కంబళిలా అల్లుకుపోయి ఉంది.

గనిలో దిగిన మొదటి వారంలో ఎవడైనా నేర్చుకునే మాట ఒకటి ఉంది: గాలి వచ్చే దారిలో ఏదీ పెట్టకు, అక్కడేం పెడితే అది లోపలున్న ప్రతి మనిషి ముక్కులోకీ వెళ్తుంది. ఆ మాట నేను ఎంతమందికి చెప్పానో! గాలి నిజంగా అటే వస్తోందో లేదో తేల్చుకుందామని నా భార్య మొహానికి రాసుకునే పౌడరు చిటికెడు తీసి, చెయ్యి చువ్వల్లోంచి బయట పెట్టి, పిల్లి వీపు మీదుగా వదిలాను. గని కింద గాలి ఎటు పోతోందో తెలియకపోతే సన్నటి దుమ్ము ఇలాగే వదిలి చూసేవాళ్లం. పౌడరు పిల్లిని నిమిరి, చువ్వలు దాటి, తిన్నగా వచ్చి నా భార్య దిండు మీద వాలింది.

ముందు నవ్వింది నా భార్యే. నవ్వుతుంటే దగ్గు, దగ్గుతుంటే నవ్వు.

"నువ్వు... పిల్లిని నా నెత్తిన... కూసోవెట్టి... ఫ్యాను వెట్టి... ఊదినవు!"

"నేను గాదు. అదే ఎక్కి కూసున్నది."

"పిల్లి చదువుకోలే గద పాపం," అంది అక్క. "బాణం గుర్తులు దానికి జెర చెప్పకపోతివి!" ఆ మాట అనేసి ఆమె మంచం పట్టె మీద కూలబడింది, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. బయట ఆటో అతను హారన్ మీద హారన్ కొడుతున్నాడు. నా భార్య పంపు నోట్లో పెట్టుకుని ఒక పీల్పు పీల్చి, నిలదొక్కుకుని, అక్క భుజం మీది చీర లాగేసుకుంది.

"ఆటో పొమ్మను," అంది నాతో. "వదినె, నెల కానియ్యి. ఈయన తెలివి ఎంతనో సూద్దాం."

ఆ రోజే గట్టు మీద ఏటవాలుగా చెక్క పలక కొట్టాను, పిచ్చుక కూడా నిలవకుండా. గోనె మార్చాను. దిండ్లు ఎండలో వేసి, దుప్పట్లు ఉడకబెట్టినంత పని చేశాం. పిల్లి చల్లదనానికే కదా వెళ్లింది, దాని మీద నాకు కోపం ఎందుకు? పెరట్లో జామచెట్టు కింద దానికి వేరే గోనె, వేరే తడి ఏర్పాటు చేశాను. మొదటి రోజు అది అటు చూడలేదు. రెండో రోజు పలక మీంచి జారి, నన్నొక చూపు చూసి, పెరట్లోకి పోయింది. పొద్దున్నే అక్క దాన్ని ఆ చెట్టు కిందే ఒళ్లో పెట్టుకుని పేన్ల దువ్వెనతో దువ్వుతుంది. ఇంట్లో రాలాల్సింది అక్కడే రాలిపోతుంది, అంతా కాదు గానీ సగానికి మించి. మిగతాది నా రబ్బరు ముక్క చూసుకుంటుంది.

నా భార్య మూడు దిండ్ల నుంచి రెండుకు వచ్చింది. రెండు నుంచి ఒకటికి వచ్చిన పొద్దున నేను చాయ్ తీసుకుని వెళ్లేసరికి, పక్కకు తిరిగి, నోరు కొంచెం తెరుచుకుని, ఈల లేకుండా ఊపిరి తీస్తూ నిద్రపోతోంది. చాయ్ చల్లారిపోయేదాకా అక్కడే కూర్చున్నాను. నెల కాగానే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. గొట్టం వీపు మీద, రొమ్ము మీద పెట్టి చాలాసేపు విన్నది. ఆ కాసేపూ అక్క బల్ల అంచు పట్టుకుని కూర్చుంది. నేను చార్టులో ఊపిరితిత్తుల బొమ్మ గొట్టాలన్నీ చూపుతో దిగి ఎక్కాను.

"చాలా నయం. ఈల దాదాపు లేదు. పిల్లిని పంపించేశారా?"

"లేదమ్మా," అంది నా భార్య. "కిటికీ మీదికెల్లి దించినం."

డాక్టరమ్మకు అర్థం కాలేదు. నేను వివరించబోతే నా భార్య మోచేత్తో పొడిచింది. పంపు మానొద్దని, చలికాలం జాగ్రత్త అని, పిల్లిని పడకగదికి దూరంగానే ఉంచమని చెప్పి పంపించింది. మెట్లు దిగుతూ గమనించాను, నా భార్య రెండు మెట్లకోసారి ఆగట్లేదు. నేనే ఆగాను. వెనక నుంచి అక్క "ఏమాయె తమ్మీ, నీకు గుడ పంపు కావాల్నా?" అంది. ఆటో పిలవడానికి ముందుకు నడిచాను.

ఇంటికి రాగానే, కాళ్లు కూడా కడుక్కోకుండా, నా భార్య నా ఫోను అడిగి తీసుకుంది. గోలేటిలో అక్క గది యజమానికి చెయ్యమంది. కలిపి ఇచ్చాను. ఫోనులో మాట్లాడితే అవతలి ఊరిదాకా వినబడాలని ఆమె నమ్మకం.

"ఆఁ, అన్నా, నేను ఆమె మరదల్ని మాట్లాడుతున్న. గా అర్ర ఎవలికన్న ఇచ్చుకో. మా వదినె ఇగ రాదు. ఆఁ, రాదు. పిల్లి గుడ రాదు."

అక్క వంటగది గుమ్మంలో నిలబడి అంతా విన్నది. నేను ఆమె ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆమె కొంగు దోపుకుని, మొహం గంభీరంగా పెట్టి ముందుకు వచ్చింది.

"అర్ర ఇస్తె ఇచ్చిండు గని, నా రోలు ఆడ్నే ఉన్నది. అది లేకుంటె నేను ఉండ."

"మిక్సీ ఉన్నది గదనే ఇంట్ల!" అన్నాను.

"మిక్సీల నూరింది నువ్వు తిను. నాకు నా రోలు కావాలె."

రోలు! రాతి రోలు. గోలేటి నుంచి రెండు బస్సులు మారాలి. ఈ వయసులో, ఈ మోకాళ్లతో. నేను గట్టిగానే అరిచాను, ఇది న్యాయమేనా అని, మనిషిననుకున్నారా లారీ అనుకున్నారా అని. ఇద్దరూ నా మాట వినట్లేదు. రోలు పెరట్లో జామచెట్టుకు ఏ వైపు పెడితే నీడ ఉంటుందో చూడటానికి వెళ్లిపోయారు. నా భార్య ముందు నడుస్తోంది, మాట్లాడుతూ, మధ్యలో ఎక్కడా ఆగకుండా.

మర్నాడు పొద్దుటి బస్సుకే గోలేటి బయలుదేరాను.